నర్సమ్మ బర్రె కడుపు

ఆ రోజు తెల్లారగానే నర్సమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: పక్కింటి అనసూయ కంటే ముందు వరుగుల షెడ్డుకు చేరడం. సూర్యాపేట మార్కెట్ వెనక కూరగాయలు తరిగి ఎండబెట్టే షెడ్డు అది. మిగిలిన గోబీ ఆకులు, టమాట తొక్కలు ముందొచ్చిన వాళ్లకు ఊరికే పోసేవాళ్లు. అనసూయ రోజూ ఒక గంప తెచ్చేది. నెల తిరిగేసరికి ఆమె బర్రె మూడు సేర్ల నుంచి ఐదుకెక్కింది. గోడ అవతల పాలధార చుయ్ చుయ్‌మంటే, ఇవతల నర్సమ్మకు అన్నం సహించేది కాదు.

ఆమె నాలుగు గంపలు మోసుకొచ్చి, తడి ఆరకుండానే బర్రె ముందు గుమ్మరించింది.

"జర ఆగే, దానికి అలవాటు లేదు," అన్నాడు భర్త పాపయ్య.

"నువ్వు పుట్టంగనే బీడీ తాగినవా? అలవాటు చేసుకోలే?"

పొద్దెక్కేసరికి బర్రె నెమరు ఆపేసింది. ఎడమ డొక్క గుమ్మిలా ఉబ్బింది. సరిగ్గా అప్పుడే బియ్యం కొట్టు రుక్మిణమ్మ పాలకొచ్చింది.

"అమ్మో, ఎంత కడుపే! సూడిదని చెప్తే దిష్టి తగులుతదని దాచినవా? పాలెందుకు తగ్గినయో ఇప్పుడు తెలిసింది!"

కాదని నర్సమ్మ చెప్పబోయింది. కానీ గోడ మీద అనసూయ తల కనిపించింది. అంతే, నోటి మాట దారి మళ్లింది.

"ఔనమ్మా, ఇయ్యాలో రేపో ఈనుతది."

ఇగ చూడాలి! గంట తిరక్కముందే వాడకట్టంతా జున్నుపాలకు గిన్నెలు పట్టుకొని దిగింది. ఒకామె ముందుచూపుతో బెల్లం కూడా వేసి తెచ్చింది. బర్రె మూలిగితే, "నొప్పులు మొదలైనయ్!" అని అందరూ సంబరపడ్డారు.

పాపయ్య చెప్పులేసుకున్నాడు. "పశువుల దవాఖానకు పోత."

"డాక్టరొస్తే అందరి ముంగట నా ఇజ్జత్ తీయడా?" అని నర్సమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

అంతలో బర్రె ముందుకాళ్లు మడిచి కూలబడింది, నాలుక బయటపెట్టింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బర్రె మీదనే. నర్సమ్మ గోడ దగ్గరికి ఉరికింది.

"అనసూయా! సూడి గీడి ఏం లేదే! నీ మీది కుళ్లుకు నాలుగు గంపలు కుక్కిన! నా బర్రెను బతికియ్యే!"

అనసూయ వచ్చి డొక్క మీద కొట్టి చూసింది. డప్పులా మోగింది. వేపకర్ర నోటికి అడ్డం కట్టింది, ఇంగువ కలిపిన నూనె పట్టించింది, అందరి చేత లేపించి ముందుకాళ్లు అరుగు మీదికి ఎక్కించింది.

"పశువు కడుపు పులిసే కుండ లెక్క నర్సక్కా. గుప్పెడు గుప్పెడు అలవాటు చెయ్యాలె. ఆకు వాడబెట్టి ఎండుగడ్డిల కలపాలె. పచ్చిది ఒక్కసారే కుక్కితే పొంగి, గాలి లోపల్నే బందైతది."

అప్పుడు బర్రె తేన్చింది. అదేం తేన్పు! గిన్నెలవాళ్లంతా ముక్కులు మూసుకొని వెనక్కి తగ్గారు. డొక్క దిగింది. కాసేపటికి బర్రె తీరిగ్గా నెమరు మొదలుపెట్టింది.

"అనసూయ చేతుల బరకత్ ఉన్నది! ఇగ మా పశువులకూ నువ్వే దిక్కు," అంటూ వాడకట్టంతా ఆమె వెంట గోడ అవతలికి వెళ్లిపోయింది.

బర్రె బతికినందుకు సంతోషపడాలో, బతికించింది అనసూయ అయినందుకు ఏడవాలో నర్సమ్మకు తేలలేదు. ముందు ఏడుపు కానిచ్చింది.