దీనమ్మ ఎక్కిన రథం

ఆ పొద్దున్న వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఖాట్మండూ పక్కనే ఉన్న పాటన్‌లో గుడులు చూడడం, ఇత్తడి దీపాలు బేరమాడడం, మధ్యాహ్నానికల్లా ఖాట్మండూ సత్రానికి తిరిగొచ్చి భోంచేయడం. 1988లో రాయపూర్ రైల్వే కాలనీ నుంచి నేపాల్ యాత్రకు బయలుదేరిన ఇరవై మందికీ రిటైర్డ్ గార్డు నూకరాజే పెద్ద. ఆ రోజుల్లో కాలనీవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా గుంపుగానే వెళ్ళేవారు. గుళ్ళ యాత్ర కదా అని నర్సుగా రిటైరైన దీనమ్మను ఎవరూ వదిలేయలేదు, చర్చికి వెళ్ళే మనిషినని ఆవిడా మానుకోలేదు. మూడేళ్ళ కిందట భర్త జాన్ పోయాక ఆవిడ ఇల్లు కదలడం అదే మొదలు.

పాటన్‌లో ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి.

"మీరెళ్ళి చూసి రండే తాయారూ. నేనిక్కడే ఎక్కడో కూలబడతాను."

"ఎక్కడికీ కదలకు అక్కా. ఊరు కాని ఊరు!" అని నూకరాజు భార్య తాయారమ్మ గట్టిగా చెప్పి వెళ్ళింది.

సందులో ఒక ఇంటి ముందు పూలు కట్టిన చిన్న చెక్క రథం ఆగి ఉంది. పక్కన ఇండియా సరిహద్దు నుంచి వచ్చిన బాజావాళ్ళు ఊరికే కూర్చున్నారు. దీనమ్మ ఎర్ర శాలువా కప్పుకుని రథం మెట్టు మీద చతికిలబడింది. బాజాల పెద్ద గబుక్కున లేచి దణ్ణం పెట్టి, వయసెంతని హిందీలో అడిగాడు.

హిందీ అంకెలు దీనమ్మకు ఎప్పుడూ తారుమారే. జాన్ సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి నేర్పబోతే నవ్వేసి లేచిపోయేది. ఇప్పుడూ అరవై ఏడుకు సడ్‌సఠ్ అనబోయి, "సతహత్తర్" అంది. అంటే డెబ్బై ఏడు.

మరి ఏడు నెలలూ నిండాయా అన్నాడతను. మోకాళ్ళ నొప్పి గురించనుకుంది. "హా భయ్యా, సాత్ మహీనే సే."

ఏడు రోజులు కూడానా? ఇది యాత్ర సంగతై ఉంటుంది. "హా హా, సాత్ దిన్ కా ప్రోగ్రాం."

అక్కడి నేవారు జాతివాళ్ళకు ఒక ఆచారం ఉంది. డెబ్బై ఏడేళ్ళ ఏడు నెలల ఏడు రోజులు నిండిన పెద్దవాళ్ళను రథంలో కూర్చోబెట్టి పిల్లలూ మనవలూ ఊరేగిస్తారు. ఆ రోజు ఆ ఇంటి పెద్దావిడకు ఆ ఊరేగింపు. కూలికొచ్చిన బాజావాళ్ళు ఆవిడను ఎన్నడూ చూడలేదు. దీనమ్మను రెండు రెక్కలూ పట్టుకుని పైకెక్కించారు. సందులో పిల్లలు తాడందుకున్నారు.

"అయ్యో, రుకో! నేను కాదు నాయనా!" అని దీనమ్మ మొత్తుకుంది. బాజాల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. వద్దని చేతులు ఊపితే దీవిస్తోందనుకుని ఆడవాళ్ళు ఇంకా పూలు చల్లారు.

సందు మలుపులో రాయపూర్ జనం ఎదురయ్యారు.

"చూశారా, దీనమ్మక్క మనకు చెప్పకుండా రథం మాట్లాడేసుకుంది!" అంది తాయారమ్మ.

"పట్టండ్రా తాడు! మన మనిషిని మనం లాగకపోతే బాగుంటుందా?" అన్నాడు నూకరాజు. అందరి చేతులూ పడేసరికి గూడ్సు బండిలా కదులుతున్న రథం ఎక్స్‌ప్రెస్ అయింది.

వెనక నుంచి కేకలేస్తూ ఆ ఇంటి కొడుకులు పరుగెత్తుకొచ్చారు. పెద్దవాడు రొప్పుతూ హిందీలో సంగతి చెప్పాడు. నాన్న ఉంటే పక్కన కూర్చునేవాడు, ఒక్కదాన్నే రథమెక్కనని అమ్మ పొద్దుటి నుంచీ తలుపు గడియ తీయలేదు. ముహూర్తం దాటిపోతోంది. ఇంతలో రథమే పోయింది! నూకరాజు తాడు వదిలేశాడు. దీనమ్మకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే ఆ పెద్దావిడ కోడలి భుజం పట్టుకుని చెప్పుల్లేకుండా వచ్చింది. తన రథం ఎవరో ఎక్కి పోతున్నారని వినగానే తనే గడియ తీసిందట.

"మాఫ్ కరో మాతాజీ, గలతీ హో గయా," అంటూ దీనమ్మ దిగబోయింది.

ఆవిడ తేరిపార చూసి, మీ ఆయన ఎక్కడని అడిగింది.

"నహీ హై మాతాజీ. తీన్ సాల్."

పెద్దావిడ దీనమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టి, తనూ ఎక్కి పక్కన సర్దుకుంది. లాగండని కొడుకులకు సైగ చేసింది. ఆవిడ ఆయాసపడుతుంటే దీనమ్మ అలవాటు కొద్దీ నాడి పట్టుకుంది. ఊరేగింపు అయిపోయేదాకా వదల్లేదు. జాన్ ఉంటే ఎంత నవ్వేవాడో అనుకుంటే దీనమ్మకు కళ్ళు చెమర్చాయి.

ఆ వీధి వీధంతా తాడు పట్టిన ఆ ఊరేగింపు గురించి కాలనీలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. దీనమ్మ మాత్రం ఆ తర్వాత రాయపూర్ స్టేషన్ బయట రిక్షా ఎక్కాలన్నా, అది ఎవరి కోసం ఆగిందో రెండుసార్లు కనుక్కునేది.