కళావీధిలో మంత్రిగారి కాలినడక

సాంస్కృతిక శాఖ మంత్రివర్యులు రానున్న గురువారం ఉదయం నుంచి సాయంత్రం దాకా మా కళావీధిలో ఒక సామాన్యుడిలా కాలినడకన తిరిగి, గోడబొమ్మలనూ గ్యాలరీలనూ తిలకించి, కళను ప్రజల చెంతకు చేరుస్తారని పేపర్లో ప్రకటన వచ్చింది. కళ అప్పటికే మా ఇళ్ళ గోడల మీద ఉంది. అంతకన్నా చెంతకు ఎలా చేరుస్తారో చూద్దామని మేమంతా ఉబలాటపడ్డాం.

ఆ వీధిలో నాది ఫోటో ఫ్రేముల షాపు. ఎదురిల్లు మా పెద్దమ్మది. ఆమెది అంటే, ఉండేది ఆమె, గోడలు మునిసిపాలిటీవి. మా వీధి ఇళ్ళన్నీ అంతే. మేకు కొట్టాలన్నా ఇంజనీరుగారి అనుమతి కావాలి. కళావీధి అని పేరు పెట్టాక రంగులు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసుకోవచ్చన్నారు. కాబట్టి మా గోడలకి కూలే స్వేచ్ఛ ఉంది, వాటి మీద జిరాఫీలకి గెంతే స్వేచ్ఛ ఉంది. మరమ్మతుకే లేదు.

పెద్దమ్మ ఇంటి వీధివైపు గోడ పైనుంచి కిందిదాకా బీటవారింది. లారీ పోతే లోపల మంచం మీద మట్టి రాలుతుంది. ఆవిడ మంచాన్ని జరుపుకుంటూ జరుపుకుంటూ వచ్చింది, ఇక జరపడానికి గది అయిపోయింది. వానలేమో ముంచుకొస్తున్నాయి. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయి, చివరికి పక్కింటి పెయింటరమ్మాయిని పిలిచి, "ఈ బీట నలుగురి కంటా పడేలా ఏదైనా గీసిపెట్టవే" అంది.

ఆ అమ్మాయి బీటని నదిగా చేసి, అటూ ఇటూ కొండలు, పడవలు, ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళని వేసింది. నలుగురేమిటి, ఊరంతా వచ్చి ఫోటోలు దిగింది. ఇంజనీరుగారు కూడా సకుటుంబంగా వచ్చి దిగారు. నది బాగుందన్నారు.

"మంత్రి కంట పడిందంటే ఒక్క పూటలో పనైపోతుందిరా" అంది పెద్దమ్మ. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

మంత్రిగారి దాకా అక్కర్లేకుండానే, బుధవారం ఇంజనీరుగారు సిమెంటు బస్తాలతో, తాపీమేస్త్రితో దిగారు. మంత్రులు నడిచే దారిలో పగిలినదేదీ కనపడకూడదన్నది వాళ్ళ శాఖలో తరతరాల ఆచారం. పెద్దమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. మేస్త్రి మాలు కలిపాడు, తాపీ ఎత్తాడు. ఇంతలో సాంస్కృతిక శాఖ డైరెక్టరుగారు కారు ఆగకుండానే దిగారు.

"ఆగండాగండి. ఏం చేస్తున్నారిక్కడ?"

"బీట పూడుస్తున్నాం సార్" అన్నారు ఇంజనీరుగారు.

"అది బీట కాదండీ. మా బ్రోషర్ కవర్ పేజీ."

"గోడ కూలితేనో?"

"కూలితే మీ శాఖ. పూడిస్తే మా శాఖ. రేపటి ప్రోగ్రాం మాది."

ఇంజనీరుగారు కాసేపు ఆలోచించి, న్యాయం అటువైపే ఉందని ఒప్పుకున్నారు. సిమెంటు వచ్చిన బండిలోనే వెళ్ళిపోయింది. పెద్దమ్మ దాని వెనకాలే వీధి చివరిదాకా నడిచి, ఊరికే తిరిగొచ్చింది. నాకు డైరెక్టరుగారి మీద ఒళ్ళు మండింది. అయితే ఆయన కోటు చాలా చక్కగా కుట్టారు, అది ఒప్పుకోవాలి.

గురువారం వచ్చింది. మంత్రిగారు సామాన్యుడిలా నడవడానికి అడ్డం లేకుండా సామాన్యులందరినీ ఇళ్ళల్లో ఉండమన్నారు. దారిలో ఎదురుపడడానికి వేరే పేట నుంచి వ్యానులో సామాన్యులని తెప్పించారు. వాళ్ళు మాకంటే శుభ్రంగా ఉన్నారు. మంత్రిగారి చేతుల మీదుగా ఇచ్చే ప్రశంసాపత్రాలకి ఫ్రేములు కావాలి కాబట్టి నన్ను మాత్రం వెంట రానిచ్చారు.

మొదట గ్యాలరీ. అది యజమాని తండ్రి తెరిచిన గ్యాలరీ. కానీ మంత్రిగారు వెళ్ళే చోట రిబ్బను ఉండాలి, రిబ్బను ఉంటే ప్రారంభోత్సవం ఉండాలి, ప్రారంభోత్సవం జరగాలంటే గ్యాలరీ అంతకుముందు ఉండకూడదు. అందుకని పొద్దున్నే బోర్డు ఊడదీసి, బొమ్మలు దింపి, తలుపుకి తాళం వేయించారు. మంత్రిగారు కత్తిరించాక అన్నీ మళ్ళీ ఎక్కించారు. "ఈ ప్రాంతానికి తొలి గ్యాలరీని తెచ్చే భాగ్యం నాకు దక్కింది" అన్నారాయన. వ్యాను సామాన్యులు చప్పట్లు కొట్టారు. యజమాని కూడా కొట్టాడు, ఆయన చేతిలో ఇంకా స్క్రూడ్రైవరు ఉంది.

లోపల ఎర్ర చతురస్రం, మధ్యలో నల్ల చుక్క ఉన్న ఒక చిత్రం ముందు మంత్రిగారు ఆగారు.

"ఏమిటిది?"

"అబ్‌స్ట్రాక్ట్ సార్" అన్నారు డైరెక్టరుగారు. "చూసేవాళ్ళకి ఏదనిపిస్తే అది."

"నాకేమనిపించాలి?"

"ఆవేదన సార్."

మంత్రిగారు వెంటనే ఆవేదన చెందారు. ఫోటోగ్రాఫరు "ఇంకొక్కసారి సార్" అంటే ఇంకొక్కసారి చెందారు. అంత ఓర్పున్న నాయకుణ్ణి నేను చూడలేదు.

అక్కణ్ణుంచి పెద్దమ్మ ఇల్లు నాలుగడుగులు. కాలినడక కాబట్టి కార్లో వచ్చి, గోడకి కొంచెం ముందు దిగి నడిచారు. నది చూసి నిలబడిపోయారు.

"ఆహా. ఈ గీత చూశారా? చెయ్యి వణక్కుండా ఎంత పొడుగు లాగారో."

పెద్దమ్మ గడప దిగి వచ్చింది. "అది ఎవరూ గీసింది కాదు బాబూ. గోడ బీటవారింది. వానొస్తే నా మీద కూలుతుంది."

మంత్రిగారు రెండు చేతులూ జోడించారు.

"విన్నారా? ఇదీ అసలైన కళాకారుల వినయం. తాను గీసి, గోడే గీసుకుందంటున్నారు."

"నేను గీయలేదు నాయనా. కావాలంటే కన్ను పెట్టి చూడు. లోపల నేను పడుకునే మంచం కనిపిస్తుంది."

మంత్రిగారు వంగి, బీటకి కన్ను ఆనించి చాలాసేపు చూశారు. "ఒక మంచం. ఒక దిండు. దిండు మీద మట్టి" అన్నారు మెల్లగా. "ఎంత సహజంగా అమర్చారయ్యా."

"ఇన్‌స్టలేషన్ సార్" అన్నారు డైరెక్టరుగారు.

ఈసారి ఎవరూ చెప్పకుండానే మంత్రిగారు ఆవేదన చెందారు. ఆ గీతని ఎవరూ తాకకూడదనీ, శాశ్వతంగా పరిరక్షించాలనీ అక్కడికక్కడే ఆదేశించారు. సిమెంటుతో ఎవరూ దగ్గరికి రాకుండా ఇంజనీరుగారి మనిషినే కాపలా పెట్టారు. పెద్దమ్మకి ప్రశంసాపత్రం ఇచ్చారు, నా ఫ్రేములోనే. గోడకి తగిలించాలంటే మేకు కొట్టాలి, మేకుకి అనుమతి కావాలి. ఆవిడ దాన్ని దిండు పక్కన పెట్టుకుంది.

"ఇంకెవరికి చెప్పుకోనురా?" అంది నాతో. ఫ్రేము అద్దం తుడిచి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

మర్నాడు డైరెక్టరుగారు మళ్ళీ వచ్చారు. మంత్రిగారు పాదం మోపిన ప్రతిచోటా ఆయన చిత్రం ఉండాలన్నది వాళ్ళ శాఖ ఆచారం. ఇది కళావీధి కాబట్టి గోడ మీదే వేయించాలన్నారు. పెయింటరమ్మాయి నిచ్చెన తెచ్చుకుంది.

"ఎక్కడ వేయమంటారు సార్?"

డైరెక్టరుగారు నోరు తెరిచేలోపు పెద్దమ్మ ఎంతో అణకువగా అంది. "ఓ మూల చిన్నగా వేస్తే సరిపోదూ బాబూ? అటువైపు గోడ గట్టిగా కూడా ఉంది."

డైరెక్టరుగారి మొహం జేవురించింది. "మూలనా? మంత్రిగారినా? ప్రోటోకాల్ అంటే ఏమనుకుంటున్నారు? నడిమధ్య వేయాలి. గోడ నిండా."

"నడిమధ్య నది ఉందండీ" అంది పెయింటరమ్మాయి.

"నదిని చెరపొద్దు. అది ఆదేశం. మొహం దాని మీదుగానే రావాలి."

"మీరు చెప్పినట్టే చేస్తాం సార్."

పెద్దమ్మ డైరెక్టరుగారికి టీ ఇచ్చింది. పంచదార కూడా దండిగానే వేసింది.

ఆ అమ్మాయి చెయ్యి బంగారం. మొహం అచ్చు గుద్దినట్టు వచ్చింది. ఆదేశం ప్రకారం నది జోలికి వెళ్ళలేదు. బీట నెత్తి మీద మొదలై, కనుబొమల మధ్యగా దిగి, పెదవులని రెండుగా చీల్చి, గడ్డం కిందికి పోయింది. లారీ వెళ్ళినప్పుడల్లా మంత్రిగారి పెదవుల మధ్య నుంచి కాస్త మట్టి రాలేది. పేపరువాళ్ళు వచ్చి పేద్ద ఫోటో వేశారు. ఎన్నడూ బొమ్మలంటే పడని ప్రతిపక్ష నాయకుడు కూడా కళాభిమానం పొంగి, అనుచరులతో వచ్చి, గోడ ముందు నవ్వుతూ ఫోటో దిగారు.

పేపరు వచ్చిన పూటే ఇంజనీరుగారు వచ్చారు. ఈసారి రెండు లారీలు, ఇనప కడ్డీలు, ఒక గుంపు మేస్త్రీలు. పునాది దాకా తవ్వి, కడ్డీలు దించి, గోడని రాయిలా చేశారు. డైరెక్టరుగారు దగ్గరుండి చేయించారు.

"పెదాల దగ్గర ఇంకో పూత వెయ్యవయ్యా. నుదురు చూడు, నుదురు."

శాశ్వత పరిరక్షణ ఏమైందని ఎవరూ అడగలేదు. మంత్రిగారి చొరవతో పేదరాలి ఇల్లు బాగుపడిందని మర్నాడు ప్రకటన వచ్చింది. నిజమే కదా, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మొదటి వాన పడినప్పుడు నేను తడుస్తూనే పరుగెత్తాను. పెద్దమ్మ మంచాన్ని మళ్ళీ గోడ వారకి జరుపుకుని, వీపు గోడకి ఆనించి నిద్రపోతోంది. అది చూశాక నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పట్నుంచి మా వీధిలో మంత్రిగారి మీద అభిమానం కట్టలు తెంచుకుంది. ఆయన బొమ్మ మా ఇంటికి కావాలంటే మా ఇంటికని జనం పెయింటరమ్మాయి గుమ్మం ముందు క్యూ కడుతున్నారు. ఈ ఆదరణ చూసి డైరెక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

నా షాపు గోడ మీద మునిసిపాలిటీ నీళ్ళ పైపు ఒకటి జాయింటు దగ్గర కారుతూ ఉంటుంది. నేనూ వెళ్ళి ఒక బొమ్మ చెప్పి వచ్చాను. పెద్దమ్మ అంతా విని, గడప మీద కూర్చునే నాకు ఒక ముక్క చెప్పింది.

"కొలత సరిగ్గా చూసుకోమనరా. ముక్కు జాయింటు దగ్గరికి రావాలి."