మాస్టారి మాట మళ్లీ మళ్లీ

ఆ ఆదివారం పొద్దున్న జ్యోత్స్న వేసుకున్న పథకం చాలా చిన్నది. గిటారు ఆంప్లిఫయరు వెనకాల రెండు తీగలు తగిలించడం, దాన్ని నాన్న వ్యానులోకి ఎక్కించడం, సాయంత్రం అక్కుపల్లిలో మూడు పాటలు వాయించడం, చీకటి పడకముందే కాశీబుగ్గ వచ్చెయ్యడం. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎవరూ చెప్పలేరు, ఆమె తండ్రి బంగారయ్య కూడా వెంట వస్తున్నాడన్న సంగతి పక్కన పెడితే.

బంగారయ్యకు కాశీబుగ్గలో మైకుసెట్ల షాపు ఉంది. పెళ్లయినా పార్టీ మీటింగయినా ఉద్దానంలో సగం ఊళ్లు ఆయన పెట్టెల్లోంచే మాట్లాడతాయి. తన మైకు ఏనాడూ మధ్యలో మూగబోలేదని ఆయన అందరికీ చెప్పుకుంటాడు. వినేవాళ్లు లేకపోతే గోడకైనా చెప్పుకుంటాడు. కూతురు జ్యోత్స్న ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఏడాది కిందట దాచుకున్న జీతంతో విశాఖపట్నం వెళ్లి ట్యూబుల ఆంప్లిఫయరు ఒకటి పాతది కొనుక్కొచ్చింది. స్విచ్చి వేస్తే ట్యూబులు లోపల ఎర్రగా వెలుగుతాయి. అవి వేడెక్కాక గిటారు తీగను అలా ముట్టుకుంటే చాలు, వీధి చివర కుక్కలు లేచి నిలబడతాయి.

మొదట దాన్ని చూసి మురిసిపోయింది బంగారయ్యే. "మా గురువుగారి మైకుసెట్లో ఇయ్యే ఉండీవి. వాల్వులు అనీవోలం" అని తువ్వాలుతో తుడిచి మరీ చూసుకున్నాడు. దాని గొంతు విన్నాక మురిపెం తగ్గింది. జ్యోత్స్న దానికి తోడు డిలే పెడల్ అనే, కాలితో నొక్కి వేసే, ఆపే, అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తెచ్చాక పూర్తిగా పోయింది. వాయించిన ముక్కను కొంచెం ఆగి మళ్లీ మళ్లీ వినిపించడం దాని పని. కానీ ఆమె తగిలించిన తీరుకు ఆ ముక్కలన్నీ ఒకదానిమీద ఒకటి పడి పెద్ద రొదగా మారిపోయేవి.

"జనం ముందర ఒక్కసారి వాయించే" అన్నాడు చివరికి బంగారయ్య. "లేచిపోకుండా కూకుంటే నాను మరి నోరెత్తను. లేచిపోతే మాత్రం ఆ పెట్టె అమ్మీసి పెళ్లిళ్లకి కూలర్లు కొందుము."

ఆ మాట జ్యోత్స్నకు గుచ్చుకుంది. రోజంతా పిల్లలకు భాగహారాలు చెప్పి వచ్చాక, ఆ పెట్టె ముందు కూర్చున్న గంట ఒక్కటే ఆమెకు తనదనిపించేది. అది పోతే ఇక మిగిలేవి భాగహారాలే. అందుకని వారం రోజులు తలబద్దలు కొట్టుకుని, ఎక్కడెక్కడివో వీడియోలు చూసి, తన తప్పేమిటో కనిపెట్టింది.

పొద్దున్నే ఆమె ఆంప్లిఫయరు వెనక కూర్చుని తీగలు దూరుస్తుంటే బంగారయ్య వచ్చి వంగి చూశాడు.

"ఏటే ఆ తీగ? అందులోంచి బయటికొచ్చి మళ్లీ అందులోకే ఎల్తంది. తిరిగొచ్చీదానికి ఎల్లడం ఎందుకు?"

"పచ్చడి రుబ్బాక పోపు పెడతామా, పోపు పెట్టాక రుబ్బుతామా నాన్నా?"

"రుబ్బాకే పోపు."

"ఇన్నాళ్లూ నేను పోపు పెట్టి రుబ్బాను. గిటారు ముందు డిలేలోకి వెళ్లి, అక్కణ్ణించి లోపల ఈ మోత రుబ్బే చోటికి వెళ్లీది. అందుకే అంతా ముద్దయిపోయింది. ఇప్పుడు లోపల రుబ్బడం అయిపోయాక, ఈ కన్నంలోంచి బయటికి తీసి డిలే వేసి, ఈ రెండో కన్నంలోంచి మళ్లీ లోపలికి పంపిస్తాను. అక్కడింక రుబ్బడం ఉండదు, పెద్దగా వినిపించడమే."

వాయించి చూపించింది. ఒక స్వరం గర్జించింది. తర్వాత అదే స్వరం శుభ్రంగా, ఒకసారికంటే ఒకసారి దూరంగా జరుగుతూ వినిపించి సద్దుమణిగింది. బంగారయ్య వేళ్లు తొడమీద దరువు వేశాయి. కూతురు చూస్తోందని గమనించి వాటిని ఆపేశాడు.

"వెనకాల తీగలు మాత్రం ముట్టుకోకు" అంది జ్యోత్స్న.

"నాకేం దురదా ముట్టుకోడానికి?" అన్నాడాయన.

అక్కుపల్లిలో ఆ సాయంత్రం వలలు బాగుచేసుకునే కొత్త షెడ్డు ప్రారంభం. షెడ్డు తలుపు ఉత్తరపు వీధి వైపు పెట్టారు. దాంతో దక్షిణపు వీధివాళ్లు మూతులు ముడుచుకుని ఉన్నారు. రెండు వీధులకూ చదువు చెప్పిన మనిషి గనక రాజీ కుదురుస్తారని, రిటైరైన హెడ్మాస్టరు తారకేశ్వరరావు గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. మాస్టారు మంచి మనిషి. ఉపన్యాసం మొదలెడితే మాత్రం, వేటకు వెళ్లిన పడవలు తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా 'ముందుగా' దగ్గరే ఉంటారని ఊళ్లో చెప్పుకుంటారు.

జ్యోత్స్న ఆంప్లిఫయరును వేదికకు దక్షిణపు చివర పెట్టింది. తను నిలబడేది మైకు పక్కనే గనక డిలే పెడల్‌ను ఆ స్టాండు దగ్గర నేలమీద ఉంచింది. అంతలో ఉత్తరపు వీధి గౌరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"కచేరీ సేసీవోలు కాలీ కడుపుతో ఉండకూడదమ్మా. రెండు ముద్దలు తినీసి వొద్దువు, రా."

గౌరమ్మ ఇంట్లో రెండు ముద్దలంటే చేపల పులుసుతో పళ్లెం నిండా అన్నం. అది అయ్యేలోగా మళ్లీ వడ్డిస్తారు.

ఇక్కడ బంగారయ్య తన మైకుసెట్టుకు స్విచ్చి వేశాడు. అది చిన్నగా దగ్గి, కాస్త పొగ వదిలి, పోయింది. ముందురోజు నౌపడ ఉప్పుమడుల దగ్గర మీటింగులో రోజంతా ఉప్పుగాలి తాగింది మరి. బంగారయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ గమనించలేదు. మాస్టారు కారు దిగుతున్నారు. తన మైకు మూగబోయిందంటే ఉద్దానమంతా నవ్వుతుంది. ఆ సమయంలో ఆయన చూపు కూతురి పెట్టె వెనక్కి వెళ్లింది. లోపలికి పంపే కన్నం ఉండనే ఉంది. అందులోకి ఏం పంపినా పెద్దగా వినిపిస్తుందని పొద్దున్న ఆమే చెప్పింది. పెట్టెలోంచి డిలేకు వెళ్లే తీగను బయటికి లాగి, ఆ కొసను మైకుకు కలిపాడు. ముట్టుకోవద్దంది గానీ లాగొద్దని అనలేదుగా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. "హలో" అని చూస్తే గంటలా పలికింది. డిలే పెడల్ అప్పటికి ఆపి ఉంది కదా, మాట దానిలోంచి ఊరికే దాటి వెళ్లిపోయింది.

మాస్టారు వేదికెక్కి, కండువా సర్దుకుని, మైకు ముందుకు ఒక అడుగు వేశారు. ఆ అడుగు సరిగ్గా పెడల్ మీద పడింది.

"సభకు నమస్కారం" అన్నారు.

"నమస్కారం… నమస్కారం… స్కారం…" అని వినిపించింది.

మాస్టారి ముఖం విప్పారింది. ఊరు ఊరంతా తిరిగి నమస్కారం పెట్టిందనుకున్నారు. "మీ క్రమశిక్షణ చూస్తే నాకు చాలా ముచ్చటగా ఉన్నది" అన్నారు. "ముచ్చటగా ఉన్నది… గా ఉన్నది…" అని జవాబొచ్చింది. మాస్టారు కళ్లజోడు తీసి దక్షిణం వైపు చూశారు. గొంతు అటునుంచే వస్తోంది. అచ్చం తన గొంతే. క్లాసులో వెనక బెంచీలోంచి తనను వెక్కిరించినవాళ్లను ఆయన చాలామందిని చూశారు గానీ, ఇంత బాగా వెక్కిరించినవాడు ఇంతవరకూ తగల్లేదు.

"ఎవరు మాట్లాడుతున్నది?"

"మాట్లాడుతున్నది… ఆడుతున్నది…"

గ్రంథాల భాష మాస్టారిని అక్కడితో వదిలేసింది. "ఎవుడ్రా నువ్వు?"

"ఎవుడ్రా నువ్వు… ఎవుడ్రా నువ్వు… రా నువ్వు…"

ఉత్తరపు వీధివాళ్లు లేచారు. "మాస్టారంతటోరిని ఎక్కిరిస్తన్నారు. తలుపు మా పక్కనుందని కడుపుమంట" అని ఎవరో అన్నారు. సభ ఏర్పాటుచేసిన కమిటీ పెద్ద అప్పన్నది దక్షిణపు వీధి. ఆయన మైకు లాక్కున్నాడు. "మావోలు ఎవులూ మాటాడ్నేదు" అని గట్టిగా చెప్పాడు. "మాటాడ్నేదు… మాటాడ్నేదు…" అంది దక్షిణపు దిక్కు.

"సూసినారా, మాటాడ్నేదంటానే మాటాడతన్నారు" అని ఉత్తరపు వీధి మొత్తం లేచింది. ఇక దక్షిణపు వీధి కూర్చుంటుందా? కుర్చీలు పక్కకు జరిగాయి. లుంగీలు పైకి మడతపడ్డాయి.

బంగారయ్య పరుగున వేదికెక్కాడు. వేదిక మీద బోర్లా పడినట్టు పడి పెడల్‌ను పట్టుకున్నాడు. దానికి మూడు మరలున్నాయి. ఆయన జీవితంలో మర అంటే సౌండు తగ్గించేదీ పెంచేదీ, అంతే. చేతికందిన మరను కంగారులో కడదాకా తిప్పేశాడు. అది, మాట ఎన్నిసార్లు తిరిగి రావాలో చెప్పే మర. అదే క్షణంలో మాస్టారు మైకు మళ్లీ అందుకుని ఒకే ఒక్క మాట అరిచారు.

"కూకోండి."

ఆ మాట తిరిగొచ్చింది. మళ్లీ వచ్చింది. ఈసారి తగ్గలేదు సరికదా, వచ్చినకొద్దీ పెరిగింది. మాస్టారు నోరు మూసుకున్నారు, అయినా ఆయన గొంతు సముద్రం మీదికి, కొబ్బరితోటల మీదికి కూకోండి కూకోండి అంటూ వెళ్తూనే ఉంది. ముందు ఉత్తరపు వీధి కూర్చుంది. తర్వాత దక్షిణపు వీధి కూర్చుంది. అప్పన్న వేదికమీదే చతికిలబడ్డాడు. మాస్టారు చుట్టూ ఒకసారి చూసి, తనూ కూర్చున్నారు.

గౌరమ్మ ఇంట్లో ముద్ద నోటిదాకా ఎత్తిన జ్యోత్స్న ఆగిపోయింది. మాస్టారి గొంతును ఆమె గుర్తుపట్టలేదు గానీ, మాటకూ మాటకూ మధ్య ఉన్న ఆ ఎడం మాత్రం ఆమెదే. పొద్దున్న తన చేత్తో పెట్టుకున్నది. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా ఇసకలో పరుగెత్తింది. వెనక గౌరమ్మ పరుగెత్తింది. జ్యోత్స్న వేదికెక్కి పెడల్‌ను కాలితో నొక్కగానే ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

ముందు తేరుకున్నది అప్పన్న. "ఆ గిటారు పెట్టెలోనే ఉంది ఏటో. బంగారయ్య బావా, దాన్ని పట్టుకెల్లిపో. పాటలొద్దు, ఏటొద్దు."

జ్యోత్స్న కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క పాట కూడా వాయించకుండానే అయిపోయిందనుకుంది. తీగలు చుట్టడానికి వంగితే, తండ్రి లేచి నిలబడి మైకు పట్టుకోవడం కనిపించింది.

"తప్పు పెట్టెది కాదు" అన్నాడు బంగారయ్య. గొంతు ఈసారి ఒక్కసారే వినిపించింది. "నా మైకుసెట్టు పోనాది. సెప్పుకోడానికి సిగ్గేసి మా గుంట జ్యోత్స్న పెట్టెలో దూర్చీసినాను. ముట్టుకోవద్దని పొద్దున్నే సెప్పింది. ఇన్నేదు. ఎవులూ ఎవుల్నీ ఎక్కిరించనేదు."

ఆ మాట ఆయన గోడకు కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పేశాక తల దించుకుని నిలబడ్డాడు. జ్యోత్స్నకు ఆ మనిషి మీద కోపమంతా పోయి, చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"అంటే ఇంతసేపూ నన్ను తిట్టింది నేనేనన్నమాట" అన్నారు మాస్టారు నెమ్మదిగా.

గౌరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ముందు ఉత్తరపు వీధికి, తర్వాత దక్షిణపు వీధికి పాకింది. అప్పన్న కూడా లేచి దులుపుకుంటూ నవ్వాడు. మాస్టారు ఉపన్యాసం కాగితాల కట్ట తీశారు, నేలమీది పెడల్ వైపు చూశారు, కట్టను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "షెడ్డుకు రెండో వైపు కూడా ఒక తలుపు పెట్టుకోండి. సెలవు" అన్నారు. ఆయన ఉపన్యాసం చివరి మాట వినడం ఆ ఊరికి అదే మొదటిసారి. చప్పట్లు చాలాసేపు మోగాయి.

జ్యోత్స్న తీగలు మళ్లీ వాటి చోట్లలో పెట్టి, తండ్రి తిప్పేసిన మరను వెనక్కి తిప్పింది. బంగారయ్య చెవి దగ్గరకొచ్చాడు. "ఒక్కుడూ లేవనేదు, సూడు."

"మాస్టారు కూర్చోమన్నారని కూర్చున్నారు నాన్నా. ఇది లెక్కలోకి రాదు" అంది. జనం వైపు తిరిగి, "లేవాలనుకున్నవాళ్లు లేవొచ్చండి" అని గట్టిగా చెప్పి గిటారు అందుకుంది.

మొదటి పాటలో ఒకచోట తప్పి, మళ్లీ అందుకుంది. వెనక వరసలో కొందరు లేచి ఇసక దులుపుకున్నారు కూడా. రెండో పాటలో ఆమె ఒక ముక్క వాయించి ఆపింది. గర్జించిన ఆ ముక్క మీదనుంచే డిలే బదులు చెప్పింది, శుభ్రంగా, విడివిడిగా. ఆమె ఇంకో ముక్క వేసింది. మళ్లీ బదులొచ్చింది.

"ఓలమ్మ, ఇది పెద్దవల లాగినట్టుంది గదే" అంది గౌరమ్మ. పెద్దవల లాగేటప్పుడు ఒకరు పదం అంటే, తాడు పట్టుకున్నవాళ్లందరూ దాన్ని తిరిగి అంటారు. గౌరమ్మ ఆగలేకపోయింది, తర్వాతి ముక్కకు తనే గొంతు కలిపి బదులు పలికింది. దక్షిణపు వీధినుంచి అప్పన్న అందుకున్నాడు. కాసేపటికి రెండు వీధులూ కలిసి బదులిస్తున్నాయి. లేచినవాళ్లు నిలబడిపోయి, నిలబడి నిలబడి మళ్లీ కూర్చున్నారు. మూడు పాటలనుకున్నది ఆరయ్యాయి. బంగారయ్య వేదిక దిగి జనంలో కూర్చున్నాడు. ఈసారి వేళ్లు తొడమీద దరువు వేస్తుంటే ఆపలేదు.

తిరుగు ప్రయాణంలో జీడితోటల మధ్య వ్యాను నడుపుతూ, "కూలర్లకి ఇంకో సోటు సూసుకుందుంలే" అన్నాడు. జ్యోత్స్న కిటికీ వైపు తిరిగి చాలాసేపు నవ్వుకుంది.

వారం తిరక్కుండానే టెక్కలినుంచీ మందసనుంచీ కచేరీకి పిలుపులొచ్చాయి. గిటారమ్మాయే రావాలని, వచ్చేటప్పుడు కాలితో నొక్కే ఆ చిన్న పెట్టె కూడా మర్చిపోకుండా తేవాలని అందరూ గట్టిగా చెప్పారు. జ్యోత్స్న ఆనందానికి హద్దుల్లేవు. తన వాయింపులోని డిలే అందం ఇంతమందికి అర్థమైందనుకుంటూ, ఆహ్వాన పత్రికలు వచ్చినవి వచ్చినట్టు విప్పి చూసుకుంది.

అన్నింటిలోనూ ముఖ్య అతిథి తారకేశ్వరరావు మాస్టారే.