హెడ్డుగారి చుక్కల ఫైలు

ఆ సోమవారం పొద్దున్న రెండో గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఒక ఫైలు రాసెయ్యాలి, భోజనానికి ముందే దాని మీద సంతకం పడాలి, సాయంత్రం వస్తువులు కొని బీరువాలో దాచెయ్యాలి. ఇంకో ఇరవై రోజుల్లో హెడ్డు గుమాస్తాగారి రిటైర్మెంటు. కానుక ఇవ్వాలి, అంతే. నీటి సరఫరా ఆఫీసులో ఒక పని భోజనానికి ముందే అయిపోతుందని నమ్మినవాణ్ణి చూసి జాలిపడటం తప్ప మనం చేయగలిగిందేమీ లేదు.

హెడ్డుగారిని వెనకాల అందరూ కొర్రీలాయన అంటారు. కొర్రీ అంటే ఫైలు మీద రాసే అభ్యంతరం. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆయన బల్ల మీదికి వచ్చిన ఏ ఫైలూ కొర్రీ పడకుండా మేనేజరు గదికి వెళ్ళలేదు. చెడ్డవాడు కాదు, పాపం. తెలిసిన పని అదొక్కటే, దాన్ని శ్రద్ధగా చేసుకుపోయాడు. కిందటేడు భార్య పోయింది. పిల్లల్లేరు. ఆవిడ పోయిన నాలుగో రోజునే ఆఫీసుకు వచ్చేసి, తన సెలవు చీటీలో తేదీ సరిగా లేదని తనే వెనక్కి కొట్టుకున్నాడు.

రిటైరయ్యాక ఏం చేస్తారని టైపిస్టు ఒకసారి అడిగితే ఆయన చేతిలో కలానికి మూత పెట్టాడు. తరవాత, "చిన్నప్పుడు మేడ మీద పడుకుని చుక్కలు చూసేవాణ్ణమ్మా. మళ్ళీ తలెత్తి చూసింది లేదు. ఇప్పుడు చూడాలి. లేకపోతే ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఏం చేసుకు చావను?" అన్నాడు.

ఆ మాట రెండో గుమాస్తాకి చెబుతూ టైపిస్టు కళ్ళొత్తుకుంది. "తమ్ముడూ, ఆ చుక్కలు చూసే సరంజామా ఏదో మనమే కొనిపెట్టాలి. లేకపోతే ఆ మనిషి ఆర్నెల్లు కూడా బతకడు."

"అలాగే అక్కా. ఆ పని నాకొదిలెయ్" అన్నాడు వాడు.

వాడు శాస్త్ర పరికరాల కొట్టుకి వెళ్ళాడు. అది నడిపేది ఒకప్పటి సైన్సు పంతులమ్మ. "కొత్తవాళ్ళు టెలిస్కోపుతో మొదలుపెట్టకూడదు నాయనా. అందులో కొంచెం ఆకాశమే కనిపిస్తుంది, ఏది ఎక్కడుందో తెలియక విసుగొచ్చి అటకెక్కిస్తారు. ముందు బైనాక్యులర్సు కొను. తేదీని బట్టి తిప్పుకునే నక్షత్ర పటం ఒకటి, ఎర్ర లైటు టార్చి ఒకటి. వేసవి చుక్కల మీద ఒక పుస్తకం, చలికాలం చుక్కల మీద ఇంకోటి" అని ఓపిగ్గా కాగితం మీద రాసిచ్చింది.

అంతటితో కొనేస్తే కథ లేదు. కానీ టెలిస్కోపు లేని కానుక కానుకలా ఉండదని మనవాడికి తోచింది. స్టాండుతో సహా టెలిస్కోపును జాబితాలో పైన చేర్చి, పంతులమ్మ కాగితం కింద జతపరిచాడు.

అసలు తంటా అక్కడ లేదు. ఆఫీసులో చందాలు వసూలు చేయకూడదని హెడ్డుగారే ఎప్పుడో ఉత్తర్వు రాయించాడు. కాబట్టి సిబ్బంది సంక్షేమ నిధిలోంచే కొనాలి. ఆ నిధి ఫైళ్ళన్నీ హెడ్డుగారి చేతిమీదుగానే వెళ్ళాలి. కానుక సంగతి ఆయనకు తెలియకూడదు. అందుకని "చుక్కలు చూడటం మొదలుపెట్టేవారి కోసం, వినోద గదికి" అని రాశారు.

మేనేజరు తల గోక్కున్నాడు. "ముప్ఫై నాలుగేళ్ళు మనకి పట్టపగలే చుక్కలు చూపించాడు. ఇప్పుడు ఆయనకి మనం చూపిద్దామంటారు. కానివ్వండి. ఆయన సంతకం లేకుండా మాత్రం నా దగ్గరికి తేకండి."

మంగళవారం మొదటి కొర్రీ పడింది. "టెలిస్కోపు దూరపు వస్తువులు చూడటానికి. బైనాక్యులర్సూ అందుకే. ఒకే పనికి రెండెందుకు?" రెండో గుమాస్తా బైనాక్యులర్సు కొట్టేశాడు.

గురువారం రెండోది. "కొత్తవారికి టెలిస్కోపు వద్దని జతపరిచిన కాగితంలోనే ఉంది. ఎవరిని మోసం చేయడానికి ఇది?" టెలిస్కోపు పోయింది. పోనీ బైనాక్యులర్సు మళ్ళీ చేరుద్దామంటే, "ఒకసారి అనవసరమని మీరే ఒప్పుకున్నది మళ్ళీ అవసరమెలా అయింది?" అని మూడోది.

"అక్కా, నాకు ఏడుపొస్తోంది. చెప్పేద్దామా ఆయనకి?"

"చెబితే అసలుకే ఎసరు. తన కానుక అని తెలిస్తే మొత్తం ఫైలే చింపేస్తాడు. ఓపిక పట్టు."

వాడు ఓపిక పట్టాడు. ఆకాశం ఒకటే కదా, రెండు పుస్తకాలెందుకని అడిగితే చలికాలం పుస్తకం వదులుకున్నాడు. ఏడాదిలో సగం రోజులే పనికొచ్చే పుస్తకం నిధికి భారం కాదా అని మళ్ళీ అడిగితే వేసవిదీ వదులుకున్నాడు. టార్చి దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాడు. ఎర్ర లైటయితే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవని అర పేజీ రాశాడు. "చూడవలసింది చీకట్లో అయినప్పుడు లైటే ఎందుకు?" అని ఒక్క ముక్కలో సమాధానం వచ్చింది. ఇక నక్షత్ర పటం. "రోజుకో రకంగా తిరిగే పటాన్ని ఏ రోజు ఉన్నట్టుగా రిజిస్టరులో నమోదు చేస్తారు?" వాడు పటాన్ని కూడా కొట్టేశాడు.

రిటైర్మెంటుకు ముందు రోజు ఫైలు సంతకంతో వచ్చింది. ఇద్దరూ ఎగిరి గంతేసినంత పని చేసి, పేజీలు తిప్పి చూసి, అక్కడే కూలబడ్డారు. అంత గందరగోళంలో హెడ్డుగారి కంట పడకుండా మిగిలిపోయిన వస్తువు ఒక్కటే. స్టాండు.

మర్నాడు నాలుగింటికి వీడ్కోలు సభ. మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పి పొడుగాటి పొట్లం చేతికిచ్చాడు. హెడ్డుగారు దారం తెగకుండా ముడి విప్పాడు. మూడు కాళ్ళ స్టాండు. దాన్ని నేలమీద నిలబెట్టి, చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"బాగుంది. దేనికిది?"

అందరూ రెండో గుమాస్తా వైపు చూశారు. చివరికి వాడే నోరు విప్పాడు. "టెలిస్కోపు పెట్టుకోవడానికండీ."

"మరి టెలిస్కోపేదీ?"

"మీరు కొట్టేశారండీ."

హెడ్డుగారికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ ముఖం చూడలేక టైపిస్టు తల దించుకుంది. ఆయన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. "నాకోసమా అదంతా? నాకొక్కడూ చెప్పలేదేమర్రా! రేపట్నుంచి ఆ ఇంట్లో నాకు ఉన్న ఆశ అదొక్కటే కదర్రా" అన్నాడు.

ఆయన ఉద్యోగం ముగిసే అయిదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. "ఆ ఫైలు ఇలా తెండి" అన్నాడు. "నా కొర్రీలన్నీ ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి, కింద సంతకం పెట్టాడు. మొత్తం ఉద్యోగంలో అలా రాయడం అదే మొదలు.

మేనేజరు నసిగాడు. "మీ కానుకకి మీరే సంతకం పెడితే బాగుండదండీ. రేపు కొత్త హెడ్డు పెడతాడు లెండి."

కొత్త హెడ్డు ఎవరో కాదు, రెండో గుమాస్తాయే. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. టైపిస్టు వాడి వీపు తట్టింది కూడా.

మర్నాడు పది గంటలకు వాడు ఆ కుర్చీలో కూర్చుని, ముందుగా ఆ ఫైలే తెరిచాడు. సంతకం పెట్టడానికే తెరిచాడు, ఒట్టు. కలం కాగితానికి ఆనించాక ఒక సంగతి తట్టింది. ఎంత వద్దనుకున్నా తట్టింది. ఆడిటువాళ్ళు వస్తారు, అడుగుతారు, కొత్త ఉద్యోగం, ఇంట్లో పెళ్ళాం పిల్లలు. సంతకం పెట్టాల్సిన చోట రెండు వాక్యాలు రాశాడు.

పదకొండింటికి పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కౌంటరుకి అవతల, జనంతో పాటు నిలబడ్డాడు. "బాబూ, ఆ చుక్కల ఫైలు..."

కొత్త హెడ్డు లేచి ఫైలు ఆయన ముందుకు తోశాడు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "నిన్నటితో పదవీ విరమణ చేసిన వ్యక్తి ఈ ఆఫీసు సిబ్బంది కాడు. సిబ్బంది సంక్షేమ నిధి ఆయనకు ఎలా వర్తిస్తుంది?"

"క్షమించండి హెడ్డుగారూ" అన్నాడు వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

పెద్దాయన ఇంకోసారి చదివాడు. తప్పు ఎక్కడైనా ఉందేమోనని అక్షరం అక్షరం వెతికాడు. ఎక్కడా లేదు. "నేనైనా ఇదే రాసేవాణ్ణి బాబూ" అని ఫైలు మూసి, జాగ్రత్తగా తాడు కట్టి ఇచ్చేశాడు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకంలో, వచ్చిన పని అన్న గడిలో, ఆయన "ఏమీ లేదు" అని రాశాడు.