గుమ్మంలో బీరువా

తొలి ఉద్యోగం తలపుకొస్తే ఆవిడకు ఇప్పటికీ సైక్లోస్టైల్ సిరా వాసన తగులుతుంది. అప్పటికి ఆవిడకు ఇరవైనాలుగేళ్ళు. కర్మాగారంలో పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఎవరు వస్తువును మనసులోనే తిప్పి చూడగలరో, ఎవరికి ఆ చూపు తక్కువో కొలవడం ఆవిడ పని. సొంతంగా తయారుచేసిన ప్రశ్నపత్రంతో ఆ రోజే మొదటి పరీక్ష. పై అధికారి మెచ్చితేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. ప్రశ్నపత్రాలున్న కొయ్య బీరువాను పదింటిలోపు సామాన్ల గదిలోంచి హాల్లోకి తేవాలి.

"అది గుమ్మంలో పట్టదమ్మా. కాగితాలు తీసి చేత్తో పట్టుకుపోదాం," అన్నాడు బంట్రోతు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే.

"పడుతుంది బాబాయ్. మనసులో తిప్పి చూశాను."

బాబాయ్ బయటినుంచి లాగాడు, ఆవిడ లోపలినుంచి తోసింది. బీరువా గుమ్మంలో బిగుసుకుంది. ఆవిడ లోపలే ఉండిపోయింది.

ఇంతలో అభ్యర్థులు ఇరవైమందీ వచ్చారు.

"పరీక్ష ఇదేనాండీ?" అని ఒకడు అడిగాడు.

"ఇంతకన్నా పరీక్ష ఇంకేం కావాలి నాయనా," అన్నాడు బాబాయ్ చెమట తుడుచుకుంటూ.

బీరువాను బయటికి తీయడమే పరీక్షనుకుని వాళ్ళు వరుస కట్టారు. అప్పుడే వచ్చిన పై అధికారి ఆ వరుస చూసి ముచ్చటపడి, చేతి గడియారం విప్పి పట్టుకున్నాడు.

"ఆపండి," అని ఆవిడ బీరువా వెనకనుంచి అరిచింది.

"నీ టైమైపోయిందటయ్యా. తర్వాతివాళ్ళు రండి," అన్నాడు పై అధికారి రాసుకుంటూ. ఆవిడ అరిచినప్పుడల్లా ఒకరు మారారు.

గొంతు బొంగురుపోయాక ఆవిడ చీకట్లో కూలబడి వినసాగింది. ఒకరు పైకి లెక్కపెడుతూ జానలతో కొలుస్తున్నారు. ఒకరు "కళ్ళు మూసుకుంటేగానీ నాకు కనబడదు" అంటున్నారు. ఇంకొకడు "ఈ అగ్గిపెట్టే బీరువా అనుకో, ఇలా తిప్పితే" అని పక్కవాడికి చెబుతున్నాడు. ఇరవైమందివీ ఇరవై దారులు. ఆవిడ కాగితంలో ఉన్నవి ఒప్పు, తప్పు, రెండే గళ్ళు. ఆ గొంతులు ఇన్నేళ్ళయినా ఆవిడ మరిచిపోలేదు.

చివరికి ఒక అమ్మాయి మెల్లగా అంది: "కాస్త లోపలికి నెట్టి, పక్కకి పడుకోబెట్టి, కాళ్ళవైపు నుంచి లాగండి బాబాయ్."

బీరువా వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది. దాని వెనకే, తలనిండా బూజుతో, ఆవిడ.

ఉద్యోగం పోయినట్టేననుకుని నిజం చెప్పేసింది. "సార్, ఇది పరీక్ష కాదు. నేను ఇరుక్కుపోయాను."

"మంచి పని చేసినవాళ్ళు ఇలాగే అంటారమ్మా. ఆ వినయమే ఉండాలి," అని ఆయన అక్కడికక్కడే ఉద్యోగం ఖాయం చేశాడు.

నెల తిరక్కుండా అన్ని శాఖలకూ ఉత్తర్వు వెళ్ళింది: కొయ్య బీరువా ఒకటి, నిలబెడితే పట్టని గుమ్మం ఒకటి, లోపల కూర్చోవడానికి అధికారి ఒకరు.