పశ్మీనా ఉండకు చింతగింజల గంజి

సోమవారం పొద్దున్నే నీలమ్మ చింతగింజల గంజి కాచి, గట్టి మూత ఉన్న డబ్బాలో పోసుకుని చేవెళ్లలో బస్సెక్కింది. ఆమె అజీజ్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేస్తుంది. గంజి మొక్కలకు కాదు, అక్కడి వంటమనిషి రేణుక కొవ్వు దించడానికి.

సంగతేమిటంటే, ఫామ్‌హౌస్ యజమానురాలు శిరీష మేడంకు చేత్తో వడికిన దారంతో శాలువా అల్లుకోవాలని సరదా పుట్టింది. లడఖ్ నుంచి పశ్మీనా ఉన్ని తెప్పించి నీలమ్మకూ రేణుకకూ చెరో గుప్పెడు ఇచ్చింది. ఎవరి దారం బాగుంటే ఇక వడికే పని వాళ్లదే. ఎండలో కలుపు లేదు, పొయ్యి సెగ లేదు, వరండాలో ఫ్యాను కింద కుర్చీ! నీలమ్మ అవ్వ గొంగళ్లకు ఉన్ని వడికిన మనిషి. నీలమ్మకు కదురు ఉగ్గుపాలతో వచ్చింది. రేణుక నేర్చుకున్నదంతా ఫోన్లో వీడియోలు చూసి. అయినా శనివారం మేడం రేణుక దారం పట్టుకుని, "అబ్బ, ఎంత మెత్తగున్నదే!" అంది. నీలమ్మ కడుపు భగ్గుమంది. ఆదివారమంతా అన్నం సయించలేదు.

గొంగడి దారం బిర్రుగా నిలవాలంటే చింతగింజల గంజి పట్టిస్తారు. అదే పశ్మీనాకు పట్టిస్తే చీపురుపుల్లే. రేణుక రొట్టెలు కాలుస్తుండగా నీలమ్మ వరండాలోకి దూరి, రేణుక ఎర్రబుట్టలోని దారపు ఉండను గంజిలో ముంచింది. బోరు గది మీద ఎండబెట్టి, మూడింటికల్లా తెచ్చి ఎప్పటిలా బుట్టలో పెట్టేసింది.

నాలుగింటికి ఎవరి దారం బాగుందో తేల్చడానికి మేడం వచ్చింది. ఎర్రబుట్టలోని ఉండ తీసి బల్లమీద కొడితే టక్కుమంది.

"ఇదేంది రేణుకా? కట్టె లెక్క ఉన్నది!"

"నాది చూడుర్రి మేడం, దూది లెక్క ఉంటది," అంటూ నీలమ్మ తన పచ్చబుట్ట ముందుకు జరిపింది.

మేడం చేత్తో నిమిరి చూసింది. "ఇదే ఖాయం. కుర్చీ నీలమ్మకే."

రేణుక తట్టుకోలేకపోయింది. "అది నేను వడికింది మేడం! శనివారం పొద్దుగూకంగ రెండు ఉండలు నేనే అటిటు మార్చిన!"

"ఎందుకే?"

"నీలమ్మదే బాగున్నదని మీరు ఫోన్ల ఎవరికో చెప్పంగ విన్న. నాకు పానం ఆగలే."

"ఓసి నీ పాడుగాను! అంటే నేను గంజిల ముంచింది నా ఉండనేనా?" అని అరిచి, నీలమ్మ నాలుక కరుచుకుంది.

మేడం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "శనివారమే నీకు ఖాయం చేసిన నీలమ్మా. ఇయ్యాల అందరి ముంగట చెప్పాలని ఆగిన." నీలమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

ఇప్పుడా కుర్చీలో మేడమే కూర్చుని వడుకుతోంది. వంటయ్యాక రేణుక కూడా తోటలోకి రావాలి. ఇద్దరూ చెరో సాలు పట్టి కలుపు తీయాలి. మొదటిరోజు సాయంత్రం మేడం వచ్చి చూసి, "రేణుకా, నీ సాలు ఎంత శుభ్రంగున్నదే!" అంది.

మర్నాడు నీలమ్మ డబ్బా నిండా గడ్డివిత్తనాలతో బస్సెక్కింది.