వాసవి క్రెడిట్లకు నాన్న సిఫార్సు

సోమవారం ఉదయం వాసవి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాలేజీకి వెళ్ళాలి, కోఆర్డినేటర్ మేడమ్‌ని కలవాలి, ఫిన్లాండ్‌లో ఒక సెమిస్టర్‌పాటు చదివొచ్చిన నాలుగు సబ్జెక్టుల క్రెడిట్లను ఇక్కడి డిగ్రీలో కలిపించుకోవాలి. శుక్రవారం లోపు అవి కలవకపోతే ఆ సెమిస్టరంతా మళ్ళీ చదవాలి. తోటివాళ్ళు ఫైనలియర్‌కి వెళ్ళిపోతే తను జూనియర్ల పక్కన కూర్చోవాలి.

ఆ ముక్కను ఇడ్లీ తింటూ నాన్న ముందు అనడమే ఆమె చేసిన పొరపాటు.

ఆమె నాన్న శేషగిరి కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖలో అండర్ సెక్రటరీ. ఏ సెక్షన్‌కీ చెందని ఫైళ్ళన్నీ చివరికి ఆయన దగ్గరికే చేరతాయి. గ్యాస్ కనెక్షన్ మొదలు రైలు బెర్తు దాకా ఏ పనికైనా ముందుగా ఆ ఆఫీసులో ఒక తెలుగువాణ్ణి వెతకడం ఢిల్లీలో ఆయన పద్ధతి.

"ఊరికే వెళ్తే ఎవరు పట్టించుకుంటారమ్మా? అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడనీ."

"నాన్నా, చాందిని కూడా నాతోపాటే వెళ్ళొచ్చింది కదా. శనివారం కాగితాలిచ్చింది, మేడమ్ సైన్ చేసేశారు. బస్, ఇత్‌నా హీ, అంతే."

"చాందిని వాళ్ళ నాన్నకి ఎవరూ తెలీదు. మనకేం ఖర్మ?"

మనవాడు దొరకనే దొరికాడు. యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే వీరాంజనేయులు, పిఠాపురం వైపాయన. సాటి తెలుగువాడు నోరు తెరిచి అడిగాడన్న సంబరంలో ఆయన వెంటనే మేడమ్‌కి ఫోన్ చేసి, "మినిస్ట్రీ అండర్ సెక్రటరీ గారి అమ్మాయి, జరా దేఖ్ లీజియే" అని కాస్త చూసిపెట్టమన్నాడు.

వాసవి వెళ్ళేసరికి మేడమ్ పెన్నుకి మూత పెట్టేసి కూర్చుంది. చాందిని కాగితాల మీద టీ తాగుతూ సంతకం పెట్టిన మనిషే, మినిస్ట్రీ పేరు వినగానే జంకింది. "బేటా, యే తో ఊపర్ కా మామ్‌లా హై" అంటూ, ఇది పైవాళ్ళు తేల్చాల్సిందని కాగితాలను డీన్‌కి పంపేసింది.

"చూశావా, డీన్ దాకా వెళ్ళింది!" అని ఆ సాయంత్రం శేషగిరి పొంగిపోయాడు. కంటోన్మెంట్‌లో ఉండే కర్నల్ రఘురామ్, ఆ డీన్ కలిసి గోల్ఫ్ ఆడతారని వాకబు చేసి తెలుసుకున్నాడు. వద్దు మొర్రో అని వాసవి మొత్తుకుంటూ ఉండగానే కర్నల్‌కి ఫోన్ వెళ్ళింది.

రెండో సిఫార్సుతో డీన్‌కి అనుమానం పట్టుకుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఇంతమంది ఎందుకు చెబుతారు? ఆయన ఒక కమిటీ వేశాడు. కమిటీ వాళ్ళు బుధవారం కూర్చుని, "మంచు ప్రాంతాల్లో నగర నిర్వహణ" అన్న సబ్జెక్టు మన దేశానికి ఎంతవరకు పనికొస్తుందో తేల్చలేక, మాట తమ మీదికి రాకుండా మినిస్ట్రీ అభిప్రాయం అడిగారు.

గురువారం మధ్యాహ్నం శేషగిరి కంప్యూటర్లోకి ఒక ఫైలు వచ్చి పడింది. వెనకే సెక్షన్ ఆఫీసర్ దశరథ్ వచ్చి నిలబడ్డాడు.

"సర్, ఏ సెక్షన్ వాళ్ళూ తీసుకోలేదట, మనకి పంపారు. కానీ... స్టూడెంట్ ఫాదర్ నేమ్ ఒకసారి చూడండి."

శేషగిరి చూశాడు, అది తన పేరే. కన్నకూతురి ఫైలు మీద తను సంతకం పెట్టకూడదు, పైకి పంపాలి. పైనున్న డిప్యూటీ సెక్రటరీ సోమవారం దాకా సెలవు. గడువేమో రేపే.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య అరుంధతి మంచినీళ్ళ గ్లాసు ఠప్పున ముందు పెట్టింది.

"పిల్ల మానాన పిల్ల వెళ్తే సోమవారమే అయిపోయేది. మీరు సాయం చేసి చేసి దాన్ని జూనియర్ల పక్కన కూర్చోబెట్టారు."

ఆయనకి కూతురి ముఖం చూడాలంటే నిజంగానే సిగ్గేసింది.

శుక్రవారం సాయంత్రం వాసవి గోల్‌గప్పాల, అదే పానీపూరీల పొట్లంతో నవ్వుతూ వచ్చింది.

"హో గయా, నాన్నా! ఇంకో కాపీ పట్టుకెళ్ళాను. మేడమ్ సైన్ చేసేశారు."

"మరి కమిటీ? మినిస్ట్రీ?"

"రూల్ ప్రకారం మేడమ్ సంతకం ఒక్కటే చాలట. మొదట్నుంచీ అంతే."

"మరి ఇన్నాళ్ళూ పెట్టనిది ఇవాళెలా పెట్టింది?"

"ఏం లేదు. మా నాన్న ఇంకొకరితో ఫోన్ చేయిస్తానంటున్నారు మేడమ్, అన్నాను. వెంటనే పెన్ను తీశారు."

అరుంధతి పగలబడి నవ్వింది. శేషగిరి హాయిగా ఊపిరి పీల్చుకుని ఒక గోల్‌గప్పా నోట్లో వేసుకున్నాడు. అది మింగుతుండగా గుర్తొచ్చింది, ఫైలు ఇంకా మినిస్ట్రీలోనే ఉంది. పని అయిపోయిందని రాసి మూసేద్దామన్నా, సొంత కూతురి ఫైలు కాబట్టి తను మూయకూడదు.

డిప్యూటీ సెక్రటరీకి ఒక మాట చెప్పగల మనవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఆయన ఫోన్ తీశాడు.